గేటు దగ్గర అగ్గిపెట్టె

పత్తి సీజన్లో మా మిల్లు గేటు పక్కన, వాచ్‌మన్ గదిలో, ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. షిఫ్టుకి వచ్చే ప్రతి మనిషీ జేబులోని అగ్గిపెట్టె, బీడీ కట్ట అందులో వేసి లోపలికి నడవాలి. దూది గాల్లో తేలే చోట ఒక్క రవ్వ పడితే గోదాము గోదామంతా బూడిదే. అందుకని ఎవరికీ మినహాయింపు లేదు, ఓనరుగారికి కూడా. సాయంత్రం పెట్టెలు కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్లకుండేది. ఒకాయన తన పెట్టె మీద గోటితో మూడు గీతలు గీసుకునేవాడు. ఇంకొకాయన బీడీ కట్టకి పురికొస చుట్టేవాడు.

మార్టూరులో ఆ జిన్నింగ్ మిల్లుకి నేను పదమూడేళ్లు గుమస్తాని. రోజుకి రెండు కట్టలు తాగే మనుషులు లోపల ఎనిమిది గంటలు నిప్పు మాటే ఎత్తకుండా పనిచేయడం రోజూ చూశాను. బోరేలు మోసేవాళ్లు, జిన్నులకి పత్తి అందించేవాళ్లు, ప్రెస్సు దగ్గర బేళ్లు కట్టేవాళ్లు. పని మధ్యలో బీడీ లేదని విసుక్కున్న మనిషి ఒక్కడూ నాకు గుర్తులేడు. సైరన్ మోగిందంటే మాత్రం సంగతి మారిపోయేది. గేటుకి ఇంకా రెండు వందల అడుగులుండగానే చేతులు ఖాళీ జేబుల్ని తడిమేవి. నడక పరుగయ్యేది. డబ్బా దగ్గర తోపులాట. పొద్దుటినుంచి నిమ్మళంగా ఉన్నవాడు ఆ కాస్త దూరం ఓర్చుకోలేకపోయేవాడు.

ఆ తోపులాటలో నేనూ ఉన్నాను. లెడ్జర్లు మూసి, గేటు దాటి, ఎదురుగా ఉన్న బంకు దగ్గర కొబ్బరితాడు కొసన రగులుతున్న నిప్పుకి సిగరెట్ ఆనించి, మొదటి దమ్ము లాగేదాకా నాకు ఇంకో ఆలోచన ఉండేది కాదు. అప్పట్లో దాని గురించి తర్కించుకోలేదు. మానేసి, మళ్లీ తాగి, మళ్లీ మానాక గానీ ఆ బిస్కెట్ల డబ్బా విలువ నాకు తెలిసిరాలేదు.

మొదటిసారి 2014లో మానాను. పదకొండు నెలలు ఒక్కటీ ముట్టుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది, అన్నం రుచి తెలిసింది, మా ఆవిడ దుప్పట్లు వేరుగా ఉతకడం మానేసింది. ఇక గెలిచేశాననుకున్నాను. ఆ పన్నెండో నెలలో అద్దంకిలో పెళ్లి చూసుకుని రాత్రి పదకొండింటికి తిరిగొస్తూ, మా బావ హైవే పక్కన కారాపాడు. టీ చెప్పాడు. తాను ఒకటి వెలిగించుకుని ప్యాకెట్ నా వైపు చాపాడు. వరసలో ఒక్క సిగరెట్ మాత్రం వేలెడంత పైకి లేచి ఉంది, తీసుకోవడానికి వీలుగా. లైటు కింద ఆ ఫిల్టరు పసుపురంగు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

"తీసుకో బావా, ఏడాది మానినోడివి, ఒక్కదానికి ఏమవుద్ది?" అన్నాడు. చెడు తలపెట్టి అన్న మాట కాదది. ప్రేమగా అన్నాడు.

ఆ రోజు పొద్దుటినుంచి నాకు సిగరెట్ ధ్యాసే లేదు. పెళ్లిపందిట్లో పదిమంది తాగుతున్నా మనసు అటు పోలేదు. ప్యాకెట్ నా ముందుకొచ్చిన ఆ క్షణంలో మాత్రం గొంతు దగ్గర ఏదో బిగిసింది. తీసుకున్నాను. మొదటి దమ్ముకే తల తిరిగింది, నోరంతా చేదు. సగంలో పారేశాను. పారేస్తూ నేననుకున్న మాటే నన్ను ముంచింది. 'నచ్చలేదు కదా, అంటే ఇక భయం లేదు' అనుకున్నాను. మూడోరోజు బంకులో విడిగా ఒకటి కొన్నాను. మూడో వారానికి ప్యాకెట్ జేబులోకి వచ్చేసింది. ఆ తర్వాత మూడేళ్లు తాగాను.

ఆ పతనాన్ని చాలాకాలం నా ఒంటి బలహీనత అనుకున్నాను. కానీ ఒంటి లెక్క వేరు. పొగ పీలిస్తే నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకి చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. మానినవాళ్లకి మొదటి రెండు మూడు రోజులు నరకం, మొదటి వారం కష్టం, మూడు నాలుగు వారాలకి ఒంటి గోల చాలావరకు అణుగుతుంది. పదకొండు నెలల తర్వాత నా నెత్తురు నన్ను సిగరెట్ అడగలేదు. మరి అడిగిందెవరు?

దీనికి జవాబు నాకు ఒక విమానంలో దొరికింది. నేను ఎక్కిన విమానం కాదు, చదివినది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో రూవెన్ డార్ అనే మనస్తత్వ పరిశోధకుడు తన సహచరులతో కలిసి 2010లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పొగతాగే విమాన సిబ్బందిని తీసుకుని, ఒకసారి మూడు నుంచి ఐదున్నర గంటల చిన్న ప్రయాణంలో, ఇంకోసారి పది నుంచి పదమూడు గంటల పెద్ద ప్రయాణంలో, మధ్యమధ్య వాళ్లకి సిగరెట్ మీద ఎంత మనసుపోతోందో అడిగి రాసుకున్నారు. చిన్న ప్రయాణం చివర్లో, విమానం దిగబోయే ముందు, కోరిక బాగా పెరిగింది. పెద్ద ప్రయాణంలో అన్నే గంటలు గడిచిన చోట అంత లేదు. అక్కడా దిగబోయే ముందే పెరిగింది. తాగకుండా ఎంతసేపు ఉన్నారన్న దానికన్నా, ఇంకెంతసేపట్లో తాగొచ్చన్న దాన్నిబట్టే కోరిక ఎక్కువగా కదిలింది. చదువుతుంటే నాకు మా మిల్లు సైరన్ వినిపించింది. రెండు వందల అడుగుల దూరం నుంచే జేబులు తడిమే చేతులు కనిపించాయి.

కోరిక ఆకలి లాంటిదని మనం అనుకుంటాం, సమయం గడిచేకొద్దీ పెరుగుతుందని, ఎప్పుడో ఒకప్పుడు తీర్చక తప్పదని. నా అనుభవంలో అది తలుపు సందులోంచి వచ్చే గాలి లాంటిది. తలుపు గట్టిగా మూసుకున్న చోట రాదు. పెళ్లిపందిట్లో నాకు తలుపు మూసే ఉంది, పెద్దవాళ్ల ముందు తాగే అలవాటు నాకెప్పుడూ లేదు. హైవే పక్కన బావ దాన్ని తెరిచాడు. తెరిచే ఉంచింది నేను. 'ఎప్పుడైనా ఒకటి తాగొచ్చులే' అన్న మాటని పదకొండు నెలలూ లోపల ఒక మూల దాచుకున్నాను.

పొగాకు పండే నేలలో ఉండి మానడం ఎలా అని బయటివాళ్లు అడుగుతుంటారు. మా వైపు పత్తి, మిర్చి ఎంతో, పర్చూరు ఇంకొల్లు దారిలో నల్ల బర్లీ పొగాకు అంత. తలలు తుంచడం, పిలకలు తీయడం చిన్నప్పుడు నేనూ చేశాను. మొక్క పూతకి రాగానే తల తుంచేస్తారు, బలమంతా ఆకుకి పట్టడానికి. ఆకులో నికోటిన్ పెరిగేదీ ఆ తర్వాతే. తల పోగానే ప్రతి ఆకు మొదట్లోంచి పిలక లేస్తుంది. అది తీస్తే వారానికి ఇంకోటి. మంచులో తడిసిన చేనులోకి దిగితే చేతులకి నల్లటి జిగురు పట్టేది, సబ్బుకి పోయేది కాదు, కడుపులో తిప్పేది. ఆకు గుచ్చి పందిళ్లకి వేలాడదీసిన రోజుల్లో ఊరి గాలే ఆ వాసన. 2025లో కొనేవాడు లేక పొగాకు చెక్కులు ఇళ్లలోనే పెట్టుకుని రైతులు కుమిలిపోతే ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. ఆ ఆకు మీద బతికిన ఇళ్లు నా చుట్టూ ఉన్నాయి, నా చెల్లెలి పిల్లల ఫీజులు దాని మీదే కట్టారు. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

అయినా ఆ వాసన నన్ను ఏనాడూ సిగరెట్ వైపు లాగలేదు. పందిరి కింద గంటసేపు కూర్చుని మాట్లాడి వచ్చేస్తాను. పందిరి నాకు ఎప్పుడూ తాగే చోటు కాదు. నన్ను లాగేది గాజు గ్లాసులో టీ. సాయంత్రం ఆరున్నర. బంకు రేకు మీద వాన చప్పుడు. లారీ టైరు మారుస్తుంటే రోడ్డు పక్కన నిలబడ్డ ఖాళీ సమయం.

రెండోసారి 2018 జూన్‌లో మానాను. ఈసారి బిస్కెట్ల డబ్బా పద్ధతి పెట్టుకున్నాను. 'తాగకూడదు' అని రోజూ నాతో నేను పోట్లాడటం కాదు, ఆ ప్రశ్నని గేటు దగ్గరే తీయించేయడం. బంకాయనకి చెప్పాను, "అన్నా, నేనొచ్చి అడిగినా ఇవ్వొద్దు." నా సంగతి తెలిసిన మనిషి, తల ఊపాడు. బావకి చెప్పాను, "నా ముందు తాగు బావా, నాకు పర్లేదు, ప్యాకెట్ మాత్రం నా వైపు చాపొద్దు." ఆయన ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాడు. మొదటి మూడు నెలలు సాయంత్రం టీ ఇంట్లోనే, అదీ స్టీలు గ్లాసులో తాగాను. చిన్న విషయంలా ఉంటుంది గానీ, గాజు గ్లాసు వేడి వేళ్లకి తగిలితే రెండో చెయ్యి దానంతటదే సిగరెట్ వెతికేది.

ఇంత చేసినా కోరిక అసలు రాదని కాదు. వస్తుంది, పిలకలాగే, ఎక్కడ తుంచితే దాని పక్కనుంచి. వచ్చినప్పుడు మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ఆ ఐదు నిమిషాలు చేతులకి పని కావాలి. నాకు నా వృత్తే ఆ పని ఇచ్చింది.

పత్తి కొనేటప్పుడు మేం పింజ లాగి చూస్తాం. బోరెంలోంచి చిటికెడు పత్తి తీసి, గింజ వేరుచేసి, ఆ పాయని రెండు చేతుల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా విడదీయాలి. విడిపోయిన సగాన్ని రెండో సగం మీద పరిచి మళ్లీ లాగాలి. పొట్టి పోగులు, నలతలు ఒక్కొక్కటిగా తీసేయాలి. ఇరవైసార్లు లాగితే చిక్కుపడ్డ ముద్ద కాస్తా పట్టుదారంలా ఒకే దిక్కుకి పడుకుంటుంది, రెండు కొసలూ సమంగా వస్తాయి. దాన్ని గోరు పక్కన పెట్టి పొడవు చూస్తాం. మా వైపు మంచి పత్తి అయితే 30 మిల్లీమీటర్లకి అటూ ఇటూ వస్తుంది. తొందరపడితే పోగు తెగుతుంది, మళ్లీ మొదటికి. ఊపిరి కూడా నెమ్మదిగా తీయాలి, లేకపోతే దూది ఎగిరిపోతుంది.

2018 నుంచి నా చొక్కా జేబులో గుప్పెడు పత్తి ఉంటుంది, ఒకప్పుడు సిగరెట్ ప్యాకెట్ ఉండే జేబులోనే. కోరిక వచ్చిందంటే పింజ లాగుతాను. ఒక పాయ సరిగ్గా కుదిరేసరికి నాలుగు నిమిషాలు దాటుతుంది. అందరికీ ఇది పనికొస్తుందని చెప్పలేను. మిర్చి తొడిమలు తీసే చేతులకి అదే పనికొస్తుందేమో, ఇంకొకరికి జపమాల. నికోటిన్ చూయింగ్ గమ్‌తో గట్టెక్కినవాళ్లు నాకు తెలుసు, అందులో తక్కువతనం ఏమీ లేదు. 1800-11-2356 అని ఒక ఉచిత ఫోన్ నంబరు ఉంది, 2018 నుంచి సిగరెట్, బీడీ ప్యాకెట్ల మీదే అచ్చువేస్తున్నారు. తాగేవాడి చేతిలోనే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

ఒక మాట దాచకుండా చెప్పాలి. గేటు నియమంలో ఒక ప్రమాదం ఉంది. ఎప్పుడూ తెరవనని ఒట్టు పెట్టుకున్నవాడు ఒకనాడు తెరిస్తే, 'ఇంకేముంది, పోయింది' అని గేటే పీకేస్తాడు. అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980ల్లోనే దీన్ని గురించి వివరంగా రాశాడు. జారడం వేరు, పడిపోవడం వేరు అని, జారాక మనిషి తనను తాను ఎలా తిట్టుకుంటాడన్న దాని మీద తర్వాతి సంగతి ఆధారపడుతుందని ఆయన చూపించాడు. బావ ఇచ్చిన సిగరెట్ సగంలో పారేసిన ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి ఉంటే, ఆ మూడేళ్లు మిగిలేవేమో. సిగ్గుపడి దాచాను. దాచినది పెరిగింది. అందుకని నాకు తెలిసిన పిల్లలకి రెండూ చెప్తాను. ఒక్కటి కూడా వద్దు. పొరపాటున ఒకటి తాగితే ఆ రాత్రే ఎవరికైనా చెప్పు, డబ్బాలో మళ్లీ అగ్గిపెట్టె వెయ్యి.

ఆలస్యమైపోయిందని బాధపడేవాళ్ల కోసం ఇంకొకటి. బ్రిటన్లో రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి యాభై ఏళ్లపాటు అక్కడి డాక్టర్లనే గమనిస్తూ వచ్చింది. జీవితమంతా పొగతాగినవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. యాభైలో మానినవాళ్లకి అందులో ఆరేళ్లు, అరవైలో మానినవాళ్లకి కూడా మూడేళ్లు తిరిగొచ్చాయి. మా బావకి ఈ లెక్క చెప్పి చాలాకాలమైంది. ఆయన ఇంకా తాగుతూనే ఉన్నాడు. నేనింకా చెప్తూనే ఉన్నాను.

మొన్న రాత్రి పదింటికి మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ దగ్గర పని, ఇరవై ఆరేళ్లు. మానేసి నాలుగో రోజు. షిఫ్టు దిగి గేటు బయట నిలబడ్డాడట, వెనకాల బ్లేడ్ల చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"మామయ్యా, ఎదురుగా బంకుంది. తెరిచే ఉంది."

"సరే. ఇవాళ ఏ రాయి కోశారు?"

బల్లికురవ రాయి అన్నాడు. ఏ సైజు పలకలు, ఎక్కడికి లోడు, ఏ పలక అంచు విరిగింది, మేస్త్రీ ఏమన్నాడు, అన్నీ అడిగాను. మొదట పొడిపొడిగా, తర్వాత ధారాళంగా చెప్పాడు. మధ్యలో నడక మొదలుపెట్టినట్టున్నాడు, బ్లేడ్ల చప్పుడు సన్నగిల్లి కుక్కల అరుపులు వినిపించాయి. తర్వాత వాళ్ల వీధి గుడి దగ్గర మైకు.

"ఇంటికొచ్చేశా మామయ్యా. రేపు ఈ టైముకి మళ్లీ చేస్తా."

"చెయ్యి. పొద్దున పనికెళ్తూ ఇటు రా, కాస్త పత్తి ఇస్తా" అన్నాను.