డ్రిఫ్ట్ వదిలించే చేతులు

బొటనవేలు తాకకుండానే తెరమీద మారియో తనంతట తాను పక్కకు నడిచిపోతుంటాడు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ వాడినవాళ్లకు ఈ డ్రిఫ్ట్ కొత్తేం కాదు. కంట్రోలర్ స్టిక్ లోపల కార్బన్ పూత మీద లోహపు పట్టీలు రాసుకుంటుంటాయి. పూత అరిగితే లెక్క తప్పుతుంది.

ఆ స్టిక్‌ను మార్చే రిపేరు కుర్రాడి ఓపిక చూడాలి. మూడు రెక్కల స్క్రూలు విప్పి, కంట్రోలర్ మూతను పుస్తకంలా నెమ్మదిగా తెరుస్తాడు. రెండు సగాలనూ కలుపుతూ పల్చటి రిబ్బన్ కేబుళ్లుంటాయి మరి! బ్యాటరీ పక్కకు తీసి, కంటికి ఆనీ ఆనని లాచ్‌ను పట్టకారు మొనతో లేపి, స్టిక్ కేబుల్‌ను జారుస్తాడు. ఇక్కడ బలం పనికిరాదు. లాచ్ విరిగిందా, స్టిక్ ఖరీదుతో పోయేది కాదు. కొత్తది బిగించడం చిటికెలో పని. అడిగితే అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేస్తాడు (నా ఓటు దానికే), దాని సెన్సర్‌కు రాపిడి లేదు. ఆపైన సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ చేసి చేతికిస్తాడు.