మనోడి బొమ్మ చొక్కా

2011 డిసెంబర్ 21న విగన్ మైదానంలో ఆటకు ముందు కసరత్తుకు దిగిన లివర్‌పూల్ ఆటగాళ్లు అందరూ ఒకే రకం చొక్కా తొడుక్కున్నారు. చొక్కా మీద లూయిస్ సువారెజ్ బొమ్మ. మేనేజర్ కెన్నీ డాల్‌గ్లీష్ కూడా వాళ్ల వెనకే నిలబడ్డాడు. అంతకు ఒక్కరోజు ముందు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ వేసిన స్వతంత్ర కమిషన్ సువారెజ్‌కు 8 మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా విధించింది. అక్టోబర్ 15న ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను ఒంటిరంగు పేరుతో అవమానించాడని తేల్చింది. కారణాలు వివరించే 115 పేజీల పత్రం డిసెంబర్ 31న గానీ బయటికి రాలేదు. అది రాకముందే చొక్కాలు అచ్చయిపోయాయి.

మన దగ్గర కొత్త మనిషి కనబడితే 'మనోళ్లేనా?' అని అడుగుతారు. అడిగేది కులమే అని అడిగినవాడికీ తెలుసు, అడిగించుకున్నవాడికీ తెలుసు. మనోడు అని తేలాక ఇంక తప్పొప్పుల లెక్క వేరే. ఆ చొక్కా చెప్పింది కూడా ఈ మాటే. లివర్‌పూల్‌కీ మన ఊళ్లకీ ఏం సంబంధం అంటారేమో. సంబంధం కలిపేది రంగూ కులమూ ఒకటేనన్న వాదన కాదు. ఆ వాదన మీద మనవాళ్లలోనే బోలెడు తగువుంది, దాన్ని పక్కన పెడదాం. తిట్టిన మనిషి చుట్టూ ఒక సంస్థ ఎట్లా గోడ కడుతుందో చూడటానికి ఈ కేసంత విపులంగా రాతలో దొరికేది మరొకటి నా ఎరికలో లేదు.

ముందు క్లబ్ ప్రకటన సంగతి. తీర్పు వచ్చిన రోజే లివర్‌పూల్ ఒక ప్రకటన ఇచ్చింది. అందులో ఎవ్రా నమ్మదగిన మనిషి కాదన్నారు. ఇంతకుముందు కూడా ఇట్లాంటి రుజువుకాని ఆరోపణలు చేశాడన్నారు. నిజానికి 2006లో లివర్‌పూల్ ఆటగాడి మీద ఫిర్యాదు చేసింది ఎవ్రా కాదు, టీవీలో పెదవుల కదలిక చదివిన బధిర ప్రేక్షకులు. 2008లో చెల్సీ మైదానం సిబ్బంది మీద ఆరోపణ చేసింది యునైటెడ్ కోచ్‌లు. ఈ రెండింటిలోనూ ఎవ్రా నోరు తెరిచి ఫిర్యాదు చేయలేదు. అయినా 'ఇతనికి ఇది అలవాటే' అనే ముద్ర పడిపోయింది. అట్రాసిటీ కేసు పెట్టిన ప్రతివాడికీ ఈ ముద్ర తెలుసు. స్టేషన్ గడప ఎక్కకముందే ఊరంతా 'తప్పుడు కేసు' అంటుంది. తిట్టిన మాట మీద విచారణ మొదలవదు, తిట్టు తిన్నవాడి చరిత్ర మీద మొదలవుతుంది.

ఇక సువారెజ్ మంచివాడు, జాతివాది కాడు అన్న మాట. క్లబ్ పెద్దలు దీన్నే పదేపదే చెప్పారు. నాకు ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. అసలు అతన్ని జాతివాది అని ఎవరన్నారు? అసోసియేషన్ ఆ అభియోగమే మోపలేదు. ఎవ్రా సైతం విచారణలో అతను జాతివాది అని తాను అనుకోవడం లేదని చెప్పాడు. అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ రోజు, ఆ గోల్ ముందు, ఆ మాట అన్నావా లేదా? దానికి క్లబ్ ఇచ్చిన జవాబు అతని మనసు ఎంత మంచిదో. మన పెత్తందారు కూడా అంతే గదా. కులం పేరుతో ఎందుకు తిట్టావయ్యా అంటే, మా ఇంట్లో వాళ్లకి అన్నం పెడతాం అంటాడు.

115 పేజీల పత్రం ఈ ఉచ్చులో పడలేదు. సువారెజ్ ఒప్పుకున్నది 'నెగ్రో' అన్న స్పానిష్ మాట ఒక్కసారి అన్నానని, అదీ ఉరుగ్వేలో వాడే స్నేహభావంతోనని. కమిషన్ లాటిన్ అమెరికా భాషావ్యవహారం తెలిసిన ఇద్దరు నిపుణుల మాట విన్నది. ఆ మాట అక్కడ ఆప్యాయంగా వాడే సందర్భాలు ఉన్నాయని వాళ్లు దాచలేదు. ఎవ్రా చెప్పిన తీరులో అని ఉంటే మాత్రం అక్కడ కూడా అది అవమానమేనన్నారు. తగాదా పెట్టుకుని, ఎదుటివాడి చెయ్యి గిల్లుతూ అన్న మాట స్నేహమెట్లా అవుతుంది? ఆ గిల్లడం కూడా గొడవ చల్లార్చడానికే అని ముందు రాసిచ్చి, ఎదురు ప్రశ్నలు పడ్డాక కాదని ఒప్పుకున్నాడు. పైగా, 'నువ్వు నల్లవాడివి' అని సువారెజ్ అన్నట్టు ఆట అయిన వెంటనే రిఫరీకి చెప్పింది లివర్‌పూల్ ఫుట్‌బాల్ డైరెక్టర్ డామియన్ కొమోల్లియే. చివరికి ఏడుసార్లు అన్నాడని కమిషన్ నిర్ధారించింది. ఎవ్రా సైతం స్పానిష్‌లో బూతుతోనే మాట మొదలెట్టాడు, అది పత్రంలో దాచకుండా రాశారు. బాధితుడు ముందు సాధువై ఉండాలి, ఆ తర్వాతే అతని మాట వింటాం అనలేదు.

'మా భాషలో అది తిట్టు కాదు' అనే వాదన మనకు కొత్తా? 2020లో క్రికెటర్ యువరాజ్ సింగ్ ఇన్‌స్టాగ్రామ్‌లో రోహిత్ శర్మతో సరదాగా మాట్లాడుతూ, యజువేంద్ర చహల్‌ను ఎగతాళి చేయడానికి ఒక దళిత కులం పేరు వాడాడు. ఆ కులం మనుషులు అక్కడ లేరు. వాళ్ల పేరు మాత్రం నవ్వుకోడానికి పనికొచ్చింది. హర్యానాలో కేసు పెట్టారు, అతను విచారం వెలిబుచ్చాడు, 2021లో అరెస్టు చూపించి బెయిలు మీద వదిలారు.

వినికిడి సమస్య ఇంకొకటి. సువారెజ్, ఎవ్రాల మాటలు మూడో మనిషి వినలేదు. ఎవరి మాట ఎక్కువ నమ్మదగినదో తూచి కమిషన్ తేల్చింది. జాన్ టెర్రీ, ఆంటన్ ఫెర్డినాండ్‌ల కేసు (అదీ 2011 అక్టోబర్‌దే) కోర్టుకెక్కింది. అక్కడ అనుమానానికి తావులేని రుజువు కావాలి గనక 2012 జూలైలో టెర్రీ నిర్దోషిగా బయటపడ్డాడు. అదే మాటకు అసోసియేషన్ కమిషన్ సెప్టెంబర్‌లో 4 మ్యాచ్‌ల నిషేధం, 2,20,000 పౌండ్ల జరిమానా వేసింది. చెల్సీ అతన్ని కెప్టెన్‌గానే ఉంచుకుంది. మన 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దూషణ 'నలుగురికీ తెలిసే చోట' జరగాలని ఉంది. నాలుగు గోడల మధ్య అన్నది ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేశ్ వర్మ కేసులో చెప్పింది. గదిలో, ఛాంబర్లో, పొలం గట్టున ఒంటరిగా దొరికినప్పుడే గదా ఈ మాటలు పడేది!

విగన్‌లో ఆ చొక్కా తొడుక్కున్నవాళ్లలో నల్లజాతి ఆటగాడు గ్లెన్ జాన్సన్ కూడా ఉన్నాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. డిపార్ట్‌మెంట్లో ఒక్కడే దళితుడైనవాడికి సంతకాల కాగితం ముందుకు తోసినప్పుడు ఏమవుతుందో తెలిసినవాళ్లు ఈ పత్రిక చదువుతున్నారు. అయితే చొక్కా వద్దన్నవాడు కూడా ఉన్నాడు. అది వేరే చొక్కా. 2012 అక్టోబర్‌లో ఆంటన్ అన్న రియో ఫెర్డినాండ్, జాతివివక్ష వ్యతిరేక ప్రచార సంస్థ 'కిక్ ఇట్ ఔట్' చొక్కా వేసుకోలేదు. తమ్ముడి విషయంలో ఆ సంస్థ గట్టిగా నిలబడలేదని అతని కోపం. అతని మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ బహిరంగంగానే మండిపడ్డాడు. ఇది ఎవ్రా ఆడిన యునైటెడ్ క్లబ్బే. అవమానించినవాడి కోసం వేసుకుంటే ఐకమత్యమైంది, అవమానం పాలైన ఇంటివాడు వద్దంటే క్రమశిక్షణ లేకపోవడమైంది.

2012 ఫిబ్రవరిలో మళ్లీ ఎదురుపడ్డప్పుడు సువారెజ్ ఎవ్రాకి చెయ్యి కలపలేదు. స్పాన్సర్ అయిన స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు నిరాశ వెలిబుచ్చింది. సువారెజ్, డాల్‌గ్లీష్ మర్నాడే క్షమాపణ చెప్పారు. చెయ్యి కలపనందుకు. శిక్ష పడ్డది ఆటగాడికి, ఆ ప్రకటనకి గానీ చొక్కాలకి గానీ ఏ శిక్షా లేదు. ఆ చొక్కా తొడుక్కున్న జేమీ క్యారఘర్ 2019లో టీవీలో ఎవ్రా పక్కన కూర్చుని, అది తప్పని ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. క్లబ్ అధికారి పీటర్ మూర్ నుంచి తనకు క్షమాపణ ఉత్తరం వచ్చిందని ఎవ్రా చెప్పింది 2020లో.