‘ఆర్ ప్యాకేజెస్’: బీర్పూర్ పట్టికతో ఒక పరిశీలన

ఆర్ భాషలో సొంత ఫంక్షన్లు రాయడం మీరు నేర్చుకున్నారు. వాటిని ఒక ఫైలు నుంచి కాపీ చేసి మరో ఫైలులో అతికించుకోవడం కూడా మొదలుపెట్టే ఉంటారు. ఆ అలవాటు మాన్పించే పుస్తకం హ్యాడ్లీ వికమ్ రాసిన ‘ఆర్ ప్యాకేజెస్’. ఇది 2015లో వెలువడింది. 2023 నాటి రెండవ ముద్రణకు జెన్నిఫర్ బ్రయన్ సహరచయిత. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. దీన్ని మన జిల్లాల లెక్కల పక్కన పెట్టి చూద్దాం.

బీర్పూర్‌నే తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఈ ఊరు కరీంనగర్ జిల్లా సారంగాపూర్ మండలంలో ఉంది. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయినప్పుడు బీర్పూర్ తానే మండలమై జగిత్యాల జిల్లాలో చేరింది. 2019లో ములుగు, నారాయణపేట కలిసి జిల్లాలు 33 అయ్యాయి. పాత లెక్కలను కొత్తవాటితో పోల్చాలంటే, ఊరు ఇస్తే నేటి జిల్లా చెప్పే ఫంక్షన్ కావాలి. దాన్ని మూడు ఫైళ్లలో అతికించి, 2019లో ఒక్కదాన్నే సవరించారనుకోండి. ఒకే రిపోర్టులో ఒక పట్టికకు 33 జిల్లాలు, మిగతా వాటికి 31 వస్తాయి. ప్యాకేజీలో ఫంక్షన్ ఒక్కచోటే ఉంటుంది. ఏ ఫైలైనా దాన్నే పిలుస్తుంది. ఎవరికీ పంచకపోయినా ప్యాకేజీ ఉపయోగమేనని రచయితలు చెప్పేది ఇందుకే.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది అయిదో అధ్యాయం. ఒక మామూలు స్క్రిప్టును తీసుకుని, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ ప్యాకేజీగా మారుస్తారు. స్క్రిప్టులో సరిగా నడిచిన వరుస ప్యాకేజీలో ఎందుకు చెడుతుందో అక్కడ తెలుస్తుంది. ఉదాహరణకు, ‘ఇప్పటి సమయం’ అనే వరుసను ఫంక్షన్ బయట రాస్తే అది ప్యాకేజీ కట్టిన క్షణం దగ్గరే ఆగిపోతుంది. ఎన్నేళ్ల తర్వాత పిలిచినా అదే సమయం చెబుతుంది. తేదీని బట్టి జిల్లా చెప్పాల్సిన మనకు ఇది చిన్న విషయం కాదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ప్యాకేజీని ‘చెక్’ చేస్తే ఎర్రర్లు, వార్నింగులు, నోట్లు మూడూ సున్నా రావాలని పుస్తకం కోరుతుంది. మంచిదే. కానీ ఆ చెక్ ఏం చూస్తుంది? ఫంక్షన్ లోపల ‘బీర్పూర్’ అని తెలుగు లిపిలో రాస్తే వార్నింగ్ ఇస్తుంది. బీర్పూర్‌ను నిర్మల్ జిల్లాలో వేస్తే నోరు మెదపదు! ఇది ఊహించి చెబుతున్న పొరపాటు కాదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోనూ ఒక సారంగాపూర్ మండలం ఉంది, అది ఇప్పుడు నిర్మల్ జిల్లాలోది. మండలం పేరు ఒక్కటే చూసి జతచేసే ఫంక్షన్ ఈ రెండింటినీ కలిపేస్తుంది. ప్యాకేజీగా మారాక ఆ తప్పు మీ ఫైళ్లన్నిటిలోకీ ఒకేసారి వెళుతుంది.

దీన్ని పట్టుకోగలిగేవి మీరు రాసే పరీక్షలే. మొదటి అధ్యాయం వాటిని పరిచయం చేసినా, వివరం పదమూడో అధ్యాయం దాకా రాదు. లైసెన్సుల చర్చ కూడా అంతకన్నా ముందే వస్తుంది. కాబట్టి మీరు ఒకటి, అయిదు, పదమూడు అధ్యాయాలను ముందు చదవండి. తర్వాత మూడు పరీక్షలు రాయండి: కరీంనగర్ సారంగాపూర్‌లోని బీర్పూర్‌కు జగిత్యాల రావాలి, ఆదిలాబాద్ సారంగాపూర్‌కు నిర్మల్ రావాలి. పాత జిల్లా చెప్పకుండా ఉత్త సారంగాపూర్ అని ఇస్తే ఏదో ఒక జిల్లా పేరు కాక, ఎర్రర్ రావాలి.