ఐదో కాంటూరు మీద ఒక పైథాన్ పాఠం

ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వాక్యం పనిగా మారేలోపు చాలా తతంగం నడుస్తుంది. స్కూలు పిల్లలకు చూపించేది ఎక్కువగా మొదట రాసే వాక్యం, చివర వచ్చే ఫలితం. నడుమ జరిగేది తెలియకపోతే ప్రోగ్రాం కూడా ఎక్కాల్లా అప్పజెప్పే వ్యవహారమే అవుతుంది.

కైకలూరు వైపు పిల్లలకు ఐదో కాంటూరు కొత్త మాట కాదు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత అది. ఆ ఎత్తు వరకూ ఉన్న 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. చేపల చెరువుల తగాదా అంతా ఆ గీత చుట్టూనే. ఒక చెరువు ఆ గీత లోపల ఉందో లేదో తేల్చడం పైథాన్ భాషలో రెండు వరుసల పని: ఎత్తు ఐదు గానీ అంతకు తక్కువ గానీ అయితే ‘అభయారణ్యం’ అని ప్రింట్ చెయ్యాలి. 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి వేరియబుల్‌కు ‘ఎత్తు’ అని తెలుగు పేరే పెట్టుకోవచ్చు. ఇఫ్, ప్రింట్ మాత్రం ఇంగ్లిషులోనే ఉండాలి.

పైథాన్ ముందుగా వరుసను ముక్కలు చేస్తుంది: ఇఫ్, ఎత్తు, పోలిక గుర్తు, 5, కోలన్. ఏ ముక్క దేనికి చెందుతుందో తేల్చుకుంటుంది. తెలుగు క్లాసులో పద్యానికి పదవిభాగం, అన్వయం చెప్పడం లాంటిదే ఇది. తర్వాత దాన్ని బైట్‌కోడ్ అనే చిన్న ఆదేశాలుగా మారుస్తుంది: ఎత్తు విలువ తీసుకో, 5 తీసుకో, పోల్చు, కాకపోతే దాటిపో. వాటిని వరసగా అమలు చేస్తుంది.

ఇది నిజమని పిల్లలు నమ్మాలంటే కావాలని తప్పులు చేయించాలి. ఇఫ్ వరుసకు పైన ఇంకో ప్రింట్ పెట్టి, ఇఫ్ వరుసలో కోలన్ తీసేస్తే, ఆ పై ప్రింట్ కూడా పనిచేయదు. ఫైలంతా చదివాకే అమలు మొదలవుతుంది మరి. కోలన్ ఉంచి ‘ఎత్తు’ను ‘ఎతు’ అని రాస్తే పై ప్రింట్ పనిచేస్తుంది, ఇఫ్ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. వ్యాకరణం బాగానే ఉంది, ఆ పేరుకు విలువే లేదు. ఇక ‘సమానం’ గుర్తు మరిచి ‘తక్కువ’ ఒక్కటే పెడితే ఏ ఎర్రరూ రాదు. సరిగ్గా ఐదడుగుల మీదున్న చెరువు మాత్రం అభయారణ్యం బయటపడుతుంది! పీరియడ్‌లో ఎక్కువసేపు ఇవ్వాల్సింది ఈ తప్పుకే, ఎందుకంటే గీత ఎక్కడుందో పైథాన్‌కు తెలియదు.

తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ లాంటి చోట్ల కంపైలర్లు ఇంజినీరింగ్ స్థాయి సబ్జెక్టు. ఎనిమిదో తరగతికి ఈ మూడు తప్పులు చాలు. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్లకు బైట్‌కోడ్‌ను తెరమీద చూపించే ‘డిస్’ మాడ్యూల్ పైథాన్‌తోపాటే, ఉచితంగా వస్తుంది. ఒకసారి ఇన్‌స్టాల్ చేశాక దానికి నెట్ కూడా అక్కర్లేదు.