62 గజాల పనితనం

హైదరాబాద్ బేగంబజార్‌లో జాగా విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. కింద దుకాణం, వెనక గోదాం, పైన కాపురం. మెట్ల కింద మూల దొరికినా అక్కడ నాలుగు బస్తాలు పడతాయి. ఆ బజారుకు దగ్గర్లోనే గోడేకీ ఖబర్‌లో 192, కట్టెలమండిలో 120, కాస్త అవతల జియాగూడలో 840 డబుల్ బెడ్‌రూం ఇళ్లను ప్రభుత్వం పేదల కోసం కట్టి 2020 అక్టోబరులో ప్రారంభించింది. ఎవరికి వచ్చాయి, ఎవరికి రాలేదన్న మాటలే అప్పుడూ ఇప్పుడూ. నాకు మాత్రం ఆ ఇంటి ప్లాను మీదే మనసు.

ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. గజాల్లో చెప్పాలంటే 62. అందులోనే హాలు, రెండు పడకగదులు, వంటగది, రెండు మరుగుదొడ్లు రావాలి. పెన్సిల్ పట్టుకుని గీసి చూడండి, ఎక్కడో ఒకచోట తలుపు పోయి మంచానికి తగులుతుంది. చిన్న ఇంట్లో మొదట దండగయ్యేది నడవా. అందుకే గదులన్నిటి తలుపులూ హాల్లోకే తెరవాలి. అలాగని హాల్లో నాలుగు గోడలకూ తలుపులు పెట్టేస్తే బీరువా ఆనించడానికి గోడే మిగలదు. నీళ్లు వాడే చోట్లను పక్కపక్కన చేరిస్తే పైపులన్నీ ఒకే డక్టులో దిగుతాయి, చెమ్మ వస్తే వెతకాల్సిన గోడా ఒకటే అవుతుంది. తలుపు కుడికి తెరవాలా ఎడమకా అన్నంత చిన్న విషయం మీద ఆ గదిలో మంచం పడుతుందా లేదా అన్నది తేలిపోతుంది. రెండో మరుగుదొడ్డి ఎందుకంటారా? ఆరుగురున్న కొంపలో తెల్లారకముందే పనికి బయల్దేరే హమాలీని అడగండి.

పనితనంలో ఇంకో రకం చూడాలంటే కొల్లూరు పోవాలి. ఇదే పథకం కింద 2023 జూన్‌లో ప్రారంభోత్సవం జరిగిన అక్కడి కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. అక్కడ ఇటుకల వరస కనపడదు. ముందు ఇనుప చువ్వల జాలీ నిలబెడతారు, కరెంటు పైపులూ స్విచ్ బాక్సులూ దానికే కట్టేస్తారు, రెండు వైపులా అచ్చు పలకలు బిగిస్తారు, ఆపైన గోడలూ స్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక పలకలు విప్పి పై అంతస్తుకు అందిస్తారు. మామూలు మేస్త్రీ గోడ కట్టాక కూడా ఉలితో గాడి కొట్టి వైరు మళ్లించగలడు. ఇక్కడ ఆ వీల్లేదు. స్విచ్ బాక్సు జానెడు పక్కకు జరిగితే జరిగినట్టే. తప్పొప్పులన్నీ పోతకు ముందే చూసుకోవాలి. కష్టమంతా అక్కడే, గొప్పా అక్కడే. గోడ సన్నం కాబట్టి గదికి నాలుగంగుళాలు కలిసొస్తాయి. కాకపోతే దండెం కట్టడానికి మేకు దిగదు, డ్రిల్లు కావాలి. ఎండాకాలం ఆ గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

సర్కారు ఇళ్లు కట్టించడం మన హైదరాబాదుకు కొత్తేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఒడ్డు బస్తీలను ఊడ్చేశాక, 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. పత్థర్‌గట్టీ రాతి దుకాణాల వరసతో పాటు ఇరుకు బస్తీల స్థానంలో తీరైన వీధులతో ఇళ్లు కట్టించి, వాటిని తరగతులుగా విడదీసి అద్దెకిచ్చిందీ ఆ బోర్డే. నాంపల్లి దిక్కున సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు ఇంకా నలుగుతూనే ఉంది. దాని తర్వాత ఆ బాధ్యత హౌసింగ్ బోర్డుకు వచ్చింది.

బయటి దేశాల్లో ఈ విద్యలో ఆరితేరినవాళ్లున్నారు. వియన్నా నగరపాలక సంస్థ 1930లో పూర్తిచేసిన కార్ల్ మార్క్స్ హోఫ్ కిలోమీటరుకు పైగా పొడవు, లోపల లాండ్రీలు, పిల్లల బడులు. సింగపూర్‌లో 1960లో పుట్టిన హౌసింగ్ బోర్డు ఇళ్లలోనే ఇవాళ స్థిర నివాసుల్లో ముప్పాతిక మందికి పైగా ఉంటున్నారు. అక్కడ పాత బ్లాకుల్లో కింది అంతస్తును స్తంభాల మీద ఖాళీగా వదిలేస్తారు. పెళ్లయినా చావయినా జనం చేరేది అక్కడే. మన బ్లాకుల కింద కూడా స్తంభాలున్నాయి గానీ అక్కడ చేరేవి బండ్లు.

వియన్నా, సింగపూర్‌ల నుంచి నేర్చుకోవాల్సింది కట్టడం కన్నా కట్టాక సాకడం. లిఫ్టు ఆగితే ఐదో అంతస్తులోని ముసలమ్మకు ఇల్లే జైలు. మోటారు కాలిపోతే ఎవరు చందా వేసుకోవాలన్న తగువు పుడుతుంది. కొల్లూరులో దుకాణాల సముదాయాలు కూడా కట్టింది ఇందుకే: వాటి అద్దెతో నిర్వహణ నడపాలని. నా మటుకు నాకు ఆ ప్లానంతటిలోకీ తెలివైన గీత అదే. ఆ అద్దె నెలనెలా వసూలై, ఆ డబ్బు లిఫ్టు దాకా చేరాలి మరి.