రేకు వెనుక దాగిన బలం
విశాఖ తీరంలోని టి.యు.-142 ప్రదర్శనపై ఒక విమర్శ

విశాఖపట్టణంలో బీచి రోడ్డు మీద, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా, టి.యు.-142 విమానం 2017 డిసెంబరు 7వ తేదీ నుండి ప్రదర్శనలో ఉన్నది. ఆనాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. 1988లో మన నౌకాదళంలో చేరిన ఎనిమిది విమానాలలో ఇది ఒకటి. 29 సంవత్సరాలు సముద్రం మీద కాపలా తిరిగిన ఈ తరహా విమానాలకు 2017 మార్చిలో అరక్కోణంలో విరమణ ఇచ్చారు. రెక్క కొస నుండి రెక్క కొసకు 50 మీటర్లు, పొడవు సుమారు 53 మీటర్లు, నేల విడువగల గరిష్ఠ భారం 185 టన్నులు. చూడవచ్చిన విద్యార్థులు ఈ అంకెలు వ్రాసుకొంటారు. ఒకదాని వెనుక ఒకటి ఎదురు దిశలలో తిరిగే జంట ప్రొపెల్లర్లను, నీటిలో శబ్దం విని జలాంతర్గామిని పసిగట్టే సోనోబాయిలను చూసి ఆశ్చర్యపడతారు. అంత భారాన్ని అంత పలుచని రేకు ఎట్లా మోసినది అన్న ప్రశ్న మాత్రం చాలామందికి తోచదు. తోచకపోవడం వారి తప్పు కాదు. యుద్ధయంత్రంగా ఈ ప్రదర్శన నెగ్గినది; నిర్మాణంగా సగమే నెగ్గినది.

తరగతిలో సాధారణంగా చెప్పే పోలిక కూడా ఈ లోపానికి తోడవుతున్నది. “లోపల ఎముకల గూడు, పైన చర్మం” అంటారు. 1903లో రైటు సోదరులు ఎగిరిన విమానానికి ఈ పోలిక సరిపోతుంది. కర్రలు, తీగలు బరువు మోసేవి. పైన గుడ్డ గాలిని ఆపేది. నేటి విమానానికి ఇది సరిపోదు. మన చర్మం ఒంటి బరువు మోయదు గాని, విమానపు రేకు మోస్తుంది. రేకును ఒలిచివేస్తే మిగిలిన గూడు తన బరువుకే మెలితిరుగుతుంది.

ఇంతకన్న మంచి పోలిక అదే తీరం వెంట జాలరిపేటలో దొరుకుతుంది. ఇప్పుడక్కడ ఫైబరు పడవలు వచ్చినవి గాని, ఒకప్పుడు కోరమండల్ తీరమంతటా కుట్టుపడవలు తిరిగేవి. ఇంగ్లీషువారు వాటిని మసూలా పడవలన్నారు. పలకలను అంచుకు అంచు చేర్చి కొబ్బరిపీచు తాటితో కుట్టేవారు. మేకు లేదు, లోపల పక్కటెముక లేదు. అల ఎత్తి ఇసుక మీద వేసినప్పుడు పడవ కొంచెం వంగి దెబ్బ ఓర్చుకొనేది. బలమంతా గుల్లలోనే. విమానానికి అంత వంగుడు పనికిరాదు, నిజమే. కాని భారం ఎక్కడ నడుస్తున్నదో చూపటానికి ఎముకల పోలిక కన్న ఈ పడవే నయం. గుల్లనే నమ్ముకొన్న విమానం 1912లో ఫ్రాన్సులో వచ్చింది. దెపెర్దుస్సిన్ పందెపు విమానపు దేహాన్ని అచ్చు మీద పలుచని చెక్కపొరలు అంటించి చేశారు. ఈ పద్ధతికి మోనోకాక్ అని పేరు. ఏకగుల్ల అనుకోవచ్చు.

అయితే గుల్ల ఒక్కటే ఎందుకు చాలదు? మందపు కాగితాన్ని గొట్టంగా చుట్టి అంటించి, నిలబెట్టి, పైన పుస్తకాలు పేర్చండి. ఆశ్చర్యపడేంత బరువు మోస్తుంది. అప్పుడు నడుమ వ్రేలితో కొంచెం నొక్కండి. ఒక్కసారిగా ముడుచుకొని కూలుతుంది. పలుచని గుల్లకు లాగుడు భయం లేదు, నొక్కుడే భయం. అందుకే రేకు లోపల అడ్డంగా వలయాల వంటి చట్రాలు, నిలువుగా ఇంటి వాసాల వంటి సన్నని కడ్డీలు పెట్టి రివెట్లతో బిగిస్తారు. వలయం ఆకారాన్ని నిలుపుతుంది. వాసం నొక్కుడుకు ఆగి, రేకు ముడుచుకోకుండా పట్టుకొంటుంది. దేహాన్ని మెలిపెట్టే బలాన్ని రేకు భరిస్తుంది. ఇదే సెమీ మోనోకాక్.

రెక్క సంగతి ఇంకా సొంపైనది. గాలి రెక్కను పైకి నెట్టుతుంది, దేహం తన బరువుతో క్రిందికి లాగుతుంది. కనుక ఎగిరేటప్పుడు రెక్క కొస పైకి వంగుతుంది. అడుగు రేకు లాగబడుతుంది, పై రేకు నొక్కబడుతుంది. ఈ వంపు బలం కొసన దాదాపు శూన్యం, మొదట అత్యధికం. కొబ్బరిమట్ట మొదట మందంగా, కొసన పలుచగా ఎందుకున్నదో రెక్క కూడా అందుకే అట్లా ఉన్నది. రెక్క పొడవునా సాగే దూలాలను స్పార్లంటారు. ముందొక దూలం, వెనుకొక దూలం, పైన క్రింద మందపు రేకు. నాలుగూ కలిస్తే ఒక పొడుగాటి పెట్టె. అడ్డంగా ఉండే పక్కటెముకలు రెక్కకు వంపు రూపాన్ని నిలుపుతవి. మూతలేని అట్టపెట్టెను మెలిపెట్టి చూసి, మూత అంటించి మళ్ళీ మెలిపెట్టితే పెట్టె ఎందుకో తెలుస్తుంది. ఇంధనంలో చాలా భాగం ఆ పెట్టెలోనే పోస్తారు. అది చోటు కోసమే కాదు. రెక్కలోని ఇంధనం, రెక్కకు తగిలించిన నాలుగు ఇంజన్లు గాలి నెట్టుడుకు ఎదురు బరువై, మొదట పడే వంపును తగ్గిస్తవి. నేల మీద నిలిచినప్పుడు ఇదంతా తలక్రిందులు: రెక్క క్రిందికి వాలుతుంది, అడుగు రేకు నొక్కబడుతుంది. బీచి రోడ్డు మీది రెక్క నేడు ఈ స్థితిలోనే ఉన్నది.

ఇక్కడే ప్రదర్శన మీద ఫిర్యాదు. రెక్క పూర్తిగా మూసి ఉన్నది. దూలం, పక్కటెముక, రివెట్టు వరుస వెనుక నున్న వాసం బయటనుంచి కనబడవు. ఏ విరమించిన విమానపు రెక్కదైనా ఒక మీటరు ముక్కను అడ్డంగా కోసి పక్కన నిలిపితే, పది పేజీల పాఠం పది నిమిషాలలో బోధపడుతుంది. హైదరాబాదు సమీపాన ఆదిభట్లలో 2018 నుండి అపాచి హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నవి. అటువంటి పనికి పోదగిన పిల్లలకు విమానాన్ని బయటి రంగు వరకే చూపి పంపడం న్యాయం కాదు.

రెండవ విషయం ఉప్పుగాలి. విమానపు రేకు స్వచ్ఛమైన అల్యూమినియం కాదు. సుమారు నాలుగు శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు కలిసిన డ్యూరాల్యుమిన్ వంటి మిశ్రలోహం. వేడిచేసి చల్లార్చిన తరువాత కొన్నాళ్ళకు అది తానే గట్టిపడుతుందని జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో కనుగొన్నాడు. బలాన్నిచ్చిన ఆ రాగియే తుప్పుకు దారి తీస్తుంది. ఉప్పుతేమ రేకుల అతుకుల మధ్య చేరితే లోహం లోలోపల పొట్టుకడుతుంది, పైన రంగు చెక్కుచెదరదు. అలలకు ఇంత దగ్గర నిలిపిన విమానానికి రంగు కన్న అతుకుల పరీక్ష ముఖ్యం.

అతుకు ఎంత పని చేస్తుందో రెండు ప్రమాదాలు చెప్పినవి. ఎత్తున ఎగిరేటప్పుడు లోపలి గాలి బయటి గాలికన్న అర వాతావరణం ఎక్కువైతే, చదరపు మీటరుకు సుమారు అయిదు టన్నుల నెట్టుడు. గొట్టంలో చుట్టుకొలత వెంట పడే లాగుడు, పొడవు వెంట పడే లాగుడుకు రెట్టింపు. అందుకే చీలిక పొడవునా సాగుతుంది. 1954 జనవరిలోను, ఏప్రిల్‌లోను రెండు కామెట్ విమానాలు ఆకాశంలోనే పగిలి మధ్యధరా సముద్రంలో కూలినవి. ఫార్న్‌బరోలో మరొక కామెట్ దేహాన్ని నీటితొట్టిలో ఉంచి, ఒత్తిడి ఎక్కిస్తూ దించుతూ పరీక్షించగా, కిటికీ మూల దగ్గర చీలిక పుట్టినది.

మన నౌకాదళానికి టి.యు.-142 వచ్చిన 1988లోనే, ఏప్రిల్ 28న, హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా కంపెనీ బోయింగ్ 737 పైకప్పు సుమారు అయిదున్నర మీటర్ల మేర ఆకాశంలో ఊడిపోయింది. అప్పటికి అది 89,680 సార్లు ఎగిరి దిగినది, ఎప్పుడూ సముద్రపు గాలిలోనే. అతుకులలోని జిగురు విడి, తుప్పు పట్టి, రివెట్ల రంధ్రాల వద్ద సన్నని చీలికలు ఒకదానితో ఒకటి కలిసినవి. ఒక పరిచారిక మరణించింది. తక్కిన 94 మంది ప్రాణాలతో దిగారు. వారిలో ఒక ప్రయాణికురాలు విమానమెక్కేటప్పుడే తలుపు పక్కన రేకులో పొడుగాటి చీలికను చూసింది. ఎవరితోనూ చెప్పలేదు.