రైలుబడి వెనక అమ్మ

తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘తొత్తోచాన్’ 1981లో జపాన్‌లో వచ్చింది. తెలుగులో ‘రైలుబడి’గా మీలో చాలామంది చదివే ఉంటారు. చదివినవాళ్లంతా పాత రైలుపెట్టెల్లో బడి నడిపిన హెడ్మాస్టరు కోబయాషిగారినే మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిన మనిషే. చేరడానికొచ్చిన పసిపిల్ల కబుర్లు నాలుగు గంటలు కూర్చుని విన్నాడు మరి! మనం నాలుగు నిమిషాలకే “చాల్లే, పుస్తకం తియ్” అంటాం.

నాకు మాత్రం ఆ పుస్తకంలో అమ్మ మీదే కన్ను. ఒకటో తరగతిలోనే పిల్లను బడిలోంచి తీసేశారు. బల్లమూత అస్తమానం తెరిచి మూస్తుందిట, కిటికీలోంచి వీధి బాజావాళ్లను పిలుస్తుందిట. ఆ టీచరమ్మ బాధా అబద్ధం కాదు లెండి. తల్లి అంతా విని, పిల్లను పల్లెత్తు మాట అనకుండా మరో బడి వెతికింది. అసలు సంగతి చెప్పింది కూతురికి ఇరవయ్యేళ్లు వచ్చాకే!

మనింట్లో అయితే? సాయంత్రానికి అమ్మమ్మకీ, పిన్నికీ, పక్కింటివాళ్లకీ తెలిసిపోదూ! దాని పెళ్లిచూపులదాకా ఆ మాట వెంటాడుతుంది.

ఇంకోచోట, కంచెల కింద దూరి గౌను చింపుకొచ్చిన పిల్ల, ఎవరో కత్తులు విసిరారని కోస్తుంది. కోతని తల్లికి తెలుసు. బట్టల ఊసే పట్టని పిల్ల సంజాయిషీ చెప్పుకోవాలనుకున్నందుకే మురిసిపోతుంది. నవలలు రాసేదాన్ని కనుక అంటున్నాను, ఇలాంటి తల్లిని కల్పించడం కష్టం.

నా ఫిర్యాదల్లా ఒకటే. పిల్ల కళ్లతో చూపించడంవల్ల తల్లి మనసు మనకందదు. ఆ రాత్రి ఆవిడకు నిద్రపట్టిందా? వయొలిన్ వాయించే భర్తతో ఏమన్నది? ఒక్క ముక్క లేదు.

“జపాను చదువులే వేరమ్మా” అనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. పిల్లను వెళ్లగొట్టిన బడి మాత్రం ఏ దేశానిది? కోబయాషిగారి బడిలో అందరూ కలిపి యాభైమందే. అదీ 1945లో విమానదాడుల్లో కాలిపోయింది.

ఆ తల్లి, పేరు చో, తరువాత తన కథ తనే రాసుకుంది. 1987లో అది అక్కడి టెలివిజన్‌లో సీరియల్‌గా కూడా వచ్చింది. నాకింకా చదివే వీలు చిక్కలేదు. ఆ రాత్రి సంగతి అందులోనైనా ఉందేమో చూడాలి.